పేర్ల పుస్తకం

పద్మనాభయ్య గారి గూడుబండి వచ్చి చర్చి ముందర ఆగింది. పోయిన వారం మనం అక్కడే వదిలిపెట్టినాం.

బండి ఎందుకొచ్చిందో కొత్తగా చదివేవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెబుతాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. బోగోలుకి తూర్పున, కాలువకి ఆ దరిన చవిటిపాళెం. యాభై గడప. అందరూ పద్మనాభయ్య గారి ఉప్పుమళ్ళలో పనిచేసేవాళ్ళే, అందరూ ఆ కాలువలో మునిగి బాప్తిస్మం తీసుకున్నవాళ్ళే. పంచాయతీ ఎలక్షన్లు వచ్చినాయి. పాళెం వార్డుని హరిజన సీటు చేసినారు. ఇక్కడే వచ్చింది తంటా. సర్కారు లెక్కలో కిరస్తానీ అయినవాడు హరిజనుడు కాడు. ఆ సీటుకి నిలబడాలంటే నేను హిందువునని రాసి సంతకం పెట్టాల. వార్డు మెంబర్ల ఓట్లతో వచ్చే ప్రెసిడెంటు కుర్చీ పద్మనాభయ్య గారికి నిలవాలంటే ఆ వార్డులో ఆయన మనిషి ఉండాల. ఆయన చూపు పోయి పోయి ఉప్పుమళ్ళ మేస్త్రి అబ్రహాము మీద పడింది. అబ్రహాము ఆ సంఘానికి పెద్ద. ఓటర్ల లిస్టులో మాత్రం అతను ఇంకా పాత పేరుతో అంకయ్యే. "అంకయ్యగా నిలబడు, గెలిచిన ఆర్నెల్లకి పాళెంలో మంచినీళ్ళ బావి" అన్నాడు పద్మనాభయ్య.

అడ్డమంతా ఒక పుస్తకం. ఎవరు ఏ రోజు ఏ పేరుతో బాప్తిస్మం పొందినారో రాసిపెట్టిన పేర్ల పుస్తకం. పాస్టరు గారు కావలిలో ఉంటారు, నెలకొకసారి వస్తారు. పుస్తకం ఉండేది అబ్రహాము చెల్లెలు పుష్పకుమారి దగ్గర. భర్త పోయినాక ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకి వాక్యం చెప్పుకుంటూ బతుకుతుంది, బైబిలమ్మ అంటారు. ఎదుటి పక్షం హజరత్తయ్య నిన్ననే వచ్చి, సోమవారం ఆఫీసరు ముందర అబ్రహాము కిరస్తానీ అని రుజువు చెయ్యాల, ఆ పుస్తకం ఇవ్వమ్మా అని అడిగి ఉత్త చేతులతో పోయినాడు. ఇవాళ శనివారం. ఇప్పుడు పద్మనాభయ్య వచ్చినాడు.

పుష్పకుమారి పుస్తకం చంకలో పెట్టుకుని బండి పక్కనుంచే నడిచి వచ్చింది. ఎద్దులు తోకలాడిస్తూ నిలబడి ఉండాయి. బండివాడు అప్పుడే కుర్చీ దించి చర్చి గడప అవతల వేసినాడు. పద్మనాభయ్య గడప లోపలికి రాడు. వాళ్ళ నాయనా రాలేదు. క్రిస్మస్‌కి వచ్చినా అంతే, బయట కుర్చీ, నాలుగు అరటిపండ్లు, రెండు మంచి మాటలు.

చర్చి అంటే పెద్దగా ఊహించుకోకండి. మట్టిగోడలు, తాటాకు కప్పు, ఈతచాపలు, ఒక బల్ల. మళ్ళలోంచి వచ్చినవాళ్ళు వచ్చినట్టే కూర్చున్నారు, మడమల పగుళ్ళలో ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. కాళ్ళు కడుక్కోవడానికి పాళెంలో నీళ్ళేవి? తాగే నీళ్ళకే ఆడవాళ్ళు మైలున్నర నడిచి ఇసకలో చెలమ తవ్వి ముంతతో తోడుకోవాల.

"ఏమ్మా పుష్పకుమారీ, బాగుండావా?" అన్నాడు పద్మనాభయ్య.

"బాగుండానయ్యా."

"ఆ పుస్తకం ఇట్లియ్యి. రెండు రోజులుంచుకుని పంపిస్తా."

"సోమవారం దాటినాక పంపిస్తారా అయ్యా?"

"దాటినాకే. అంతవరకే దాంతో పని." ఆయన దాచుకోలేదు. ఆయన కేకలేసే మనిషి కాదు, ఎన్నడూ కేకలేసే అవసరం రాలేదు మరి. "నిన్న హజరత్తయ్య నీ కాడికి వచ్చినాడంట."

"వచ్చినాడు. ఆయనకీ ఇవ్వలేదు."

"అయితే నువ్వు మా పక్షమే."

"నేను ఎవరి పక్షమూ కాదయ్యా. ఆయన మా అన్నని పడగొట్టడానికి అడిగినాడు, మీరు నిలబెట్టడానికి అడుగుతుండారు. మా అన్న మీ ఇద్దరికీ అక్కర్లేదు. వార్డు కావాల."

లోపల ఎవరో దగ్గినారు. పద్మనాభయ్య నవ్వినాడు గాని ఆ నవ్వు మీసం దాటి రాలేదు. "మూడు తరాలుగా మా ఉప్పు తిని బతుకుతుంది ఈ పాళెం. ఆ మాట గుర్తుండాల."

"మీ ఉప్పు మేం తినలేదయ్యా. మేం తీసిన ఉప్పు మీరు తిన్నారు."

అనేసింది. పద్మనాభయ్య గారితో ఆ తీరున మాట్లాడినవాళ్ళు ఆ పాళెంలో పుట్టలేదు. గడప మీద నిలబడే పుస్తకం ఇంకాస్త గట్టిగా అదుముకుంది.

అప్పుడు లేచినాడు అబ్రహాము. ఉప్పు పార పట్టి పట్టి అరచేతులు బండబారిన మనిషి, మాట మెత్తన. చెల్లెలి దగ్గరికి వచ్చి అందరికీ వినపడేట్టే అన్నాడు.

"పుష్పా, ఒక మాట అడుగుతా, కోపగించుకోకుండా చెప్పు. నా కోడలు ఏడో నెల కడుపుతో చెలమకాడ బిందెతో పడింది. బిడ్డ దక్కలేదు. నువ్వే వచ్చి ప్రార్థన చేసినావు. నేనూ మోకాళ్ళ మీదే ఉన్నా. బిడ్డ రాలేదు, నీళ్ళూ రాలేదు. ఇప్పుడు నేనొక సంతకం పెడితే నీళ్ళొస్తాయంటుండారు. సంతకం పెట్టినంత మాత్రాన నేను ప్రభువుని వదిలిపెడతానా? ఆయన మనసు చూస్తాడా, సర్కారు కాగితం చూస్తాడా?"

ఆ బిడ్డని గుడ్డలో చుట్టి ఇసకలో పెట్టింది పుష్పకుమారే. నీళ్ళ మాట అబద్ధం కాదు, అన్న బాధ అబద్ధం కాదు. ఊరికే వాక్యం చదివి తప్పించుకుంటే తనంత సిగ్గుమాలింది ఉండదు. చాపల మీద ఆడవాళ్ళంతా ఆమె మొహంలోకే చూస్తుండారు. వాళ్ళలో అబ్రహాము పెళ్ళాం పిచ్చమ్మ ఉంది, ఆ కోడలూ ఉంది.

"మనసే చూస్తాడన్నా" అంది చివరికి. "కాదనను. దేవుడి సంగతి అట్లుంచు. అయ్యగారు ఏం చూస్తారో చెబుతా విను. నీ చేత ఒక్క అబద్ధం రాయించుకుంటే నువ్వు ఉన్నన్నాళ్ళూ ఆయన గుప్పిట్లో ఉంటావు. గెలిచి పోయి కుర్చీలో కూర్చుని మా బావి ఏమైందయ్యా అంటావు. ఏరా అంకయ్యా, నువ్వు కిరస్తానీవి కదరా, ఆఫీసరుకి చెప్పమంటావా అంటారు. అంతే, నీ నోరు పడిపోతుంది. ఆ సీటులో కూర్చునేది నువ్వు కాదు, నీ భయం. భయానికి ఎవరైనా బావి తవ్విస్తారా?"

అబ్రహాము తల దించుకున్నాడు.

"ఇది రాజకీయం, నీకెందుకమ్మా?" అన్నాడు పద్మనాభయ్య బయటినుంచి. "ప్రార్థనలు చేసుకునే ఆడదానివి. పైనున్న అధికారులకి లోబడి ఉండమని మీ పాస్టరు గారే చెప్పగా విన్నా నేను."

"లోబడతామయ్యా. పన్ను కట్టమంటే కడతాం. రోడ్డు వెయ్యమంటే వేస్తాం. నాణెం మీద రాజు బొమ్మ ఉంటే అది రాజుకే ఇచ్చేయమన్నాడు మా ప్రభువు. మనిషి మీద ఎవరి బొమ్మ ఉందని? మనిషిని చేసినవాడి బొమ్మ. దాన్ని చెరిపి మీకివ్వమంటే ఎట్లా ఇస్తాం?"

"మరి ఏం చేద్దామంటావు వదినా?" పిచ్చమ్మ లేచి అడిగింది. ఆమె గొంతులో కోపం ఉంది, ఎవరి మీదో ఆమెకే తెలియదు. "సీటూ వద్దు, బావీ వద్దు, ఇట్లే చెలమల్లో చావమంటావా?"

"సీటు వద్దని ఎవరన్నారు? దొంగ పేరు వద్దంటున్నా. సోమవారం మధ్యాహ్నం దాకా నామినేషన్లు తీసుకుంటారు. ఊళ్ళో పై వీధి వార్డు జనరల్ సీటు, ఓటున్నవాడు ఎవరైనా నిలబడొచ్చు. అక్కడ కాగితం మీద మతం అడగరు. లిస్టులో అంకయ్య అని ఉంటే ఉండనీ, నేను అబ్రహామునే అని ఆఫీసరుకి చెప్పి నిలబడు అన్నా."

పై వీధి వార్డుకి పద్మనాభయ్యే నిలబడుతుండాడు. ఆ వార్డులో ఇంతవరకు ఇంకొకరు కాగితం వేసింది లేదు.

"నా మీద? మా మేస్త్రి?" అన్నాడాయన.

"మీ మీద కాదయ్యా. సీటుకి."

"ఓడిపోతాడు."

"ఓడిపోతాడు. ఓడిపోయినవాడు మళ్ళీ నిలబడతాడు. నేను నేను కాదని రాసిచ్చినవాడు ఏ కాళ్ళ మీద నిలబడతాడు చెప్పండి."

పద్మనాభయ్య కండువా సర్దుకున్నాడు. మొహంలో పెద్దరికం పోయి పనివాళ్ళ ముందర ఉండే మొహం వచ్చింది. "సరే. ఇవాళ మీకు పేర్లు పిలుచుకునే రోజు కదా. పిలువు. ఎవరెవరు పలుకుతారో నేనూ వింటా. ఇక్కడ ఉండామన్నవాళ్ళు సోమవారం పొద్దున ఉప్పుమళ్ళలో ఉండరు. అంతే నా మాట."

ఆ పిలుపు సంగతి చెప్పాల. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. దానికి ముందు శనివారం, పొద్దు గూకకముందే సంఘమంతా కూడుతుంది. పుస్తకంలో పేర్లు ఒక్కొక్కటే చదువుతారు. ఇరుగుపొరుగుతో తగువు లేనివాళ్ళు, మనసు సరిగా ఉన్నవాళ్ళు ఉండాను అని పలకాల, పలికిన పేరు ఎదురుగా గీత పెడతారు. పలకనివాళ్ళు మర్నాడు బల్ల దగ్గరికి రారు. మామూలు రోజుల్లో అది గడగడా అయిపోయే పని. సగంమంది ఆవలిస్తూ పలుకుతారు, పిల్లలు అల్లరి చేస్తారు. సంఘ పెద్ద పేరు అందరికంటే చివర పిలవడం మొదట్లో వచ్చిన మిషను పాస్టరమ్మల కాలం నుంచీ వస్తున్న ఆనవాయితీ.

పుష్పకుమారి బల్ల దగ్గరికి పోయి పుస్తకం తెరిచింది. తనకి మిషను వాళ్ళు నెలనెలా జీతం ఇస్తారు, తన పొయ్యి ఉప్పుమడి మీద ఆధారపడి లేదు. ఆ సంగతి ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంది. పెద్ద మాటలు మాట్లాడింది తను, పస్తు ఉండబోయేది వీళ్ళు. పుస్తకం మూసేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది.

"పిలవ్వేమే" అంది ముందు చాప మీద ఉన్న ముసలమ్మ. పేరూ ముసలమ్మే, ఆ పాళెంలో అందరికంటే పెద్దది. బాప్తిస్మం నాడు పాస్టరమ్మ మరియమ్మ అని పేరు పెడతానంటే, నా పేరుకేం రోగం అని ఒప్పుకోని మనిషి.

"ముసలమ్మ."

"ఉండాను. గట్టిగా రాయి." ఆమె గడప వైపు తిరిగింది. "అయ్యా, మీ తాత పిలిస్తే పలికినాను, మీ నాయన పిలిస్తే పలికినాను, పనికి. ఇది వేరే పిలుపు. దీనికీ పలుకుతా."

రెండో పేరు, మూడో పేరు. గొంతులు సన్నగా వచ్చినాయి గాని వచ్చినాయి. పలికినవాళ్ళు పలికి ఒకసారి గడప వైపు చూసి చూపు తిప్పుకుంటుండారు. పద్మనాభయ్య ఒక్కొక్కరి మొహం గుర్తుపెట్టుకుంటున్నట్టు తల ఊపుతుండాడు.

"దావీదు."

పలుకు లేదు. దావీదుకి ముగ్గురు పిల్లలు, పెళ్ళాం పోయిన నెలే కన్నది. అతను చాపలోని ఈతాకుని గోరుతో గీకుతూ కూర్చున్నాడు. పుష్పకుమారి రెండోసారి పిలవలేదు, మొహం కూడా చిట్లించలేదు. తర్వాతి పేరు చదివింది. ఆ పేరుగలావిడ పలకబోతుండగా దావీదు అడ్డం పడి "నేనూ ఉండాను, నన్ను దాటేసినావు" అన్నాడు, తప్పు ఆమెదైనట్టు. నలుగురు నవ్వినారు. ఆ నవ్వుతో చర్చిలో భయం కాస్త సడలింది. ఆ తర్వాత పలుకులు మామూలు గొంతులతోనే వచ్చినాయి, ఒకరిద్దరైతే కావాలనే బయటికి వినపడేట్టు అరిచినారు.

"పిచ్చమ్మ."

పిచ్చమ్మ మొగుడి వైపు చూసింది. "ఉండాను" అంది. కోడలూ పలికింది. ఆ పిల్ల నోరు విప్పడం బిడ్డ పోయినాక ఆ చర్చిలో అదే మొదలు. పుష్పకుమారి కళ్ళలో నీళ్ళు తిరిగినాయి, తుడుచుకోకుండానే పేజీ తిప్పింది.

ఇంక ఒక్క పేరు.

"అబ్రహాము."

అతను గోడకి ఆనుకుని నిలబడి ఉండాడు. చొక్కా జేబు మీద చెయ్యి వేసుకుని, తీసి, మళ్ళీ వేసుకున్నాడు. పద్మనాభయ్య కుర్చీలోంచి ముందుకి వంగినాడు.

"ఉండాను" అన్నాడు అబ్రహాము.

పుష్పకుమారికి ఒళ్ళంతా తేలికయింది. అన్నని చూసి ఇంత సంతోషపడింది ఎప్పుడో చిన్నప్పుడు, బాప్తిస్మం నాడు అతను కాలువలో మునిగి నీళ్ళోడుతూ పైకి వచ్చినప్పుడే. ముసలమ్మ స్తోత్రం అంది. పిచ్చమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. అబ్రహాము మాత్రం కూర్చోలేదు.

"ఉండాను గాని పుష్పా, మధ్యాహ్నమే సంతకం పెట్టినాను. బోగోలులో ఇచ్చి వచ్చినాను, రసీదు జేబులోనే ఉంది. అంకయ్య, హిందువు అని. నువ్వు పిలిచేటప్పటికే అయిపోయింది. పలకకుండా ఉందామనే వచ్చినా. నోరు ఆగలేదు."

పిచ్చమ్మ మొహం మీది కొంగు తీసేసింది.

పద్మనాభయ్య నింపాదిగా లేచినాడు. "అందుకేనమ్మా నేను పుస్తకం కోసం వచ్చింది, ఊరికే కాదు. సోమవారం సాయంత్రం ఆఫీసరు కాగితాలు చూస్తాడు. హజరత్తయ్య నిన్ను సాక్షి కింద పిలిపిస్తాడు, ఆ ఏర్పాటు చేసుకున్నాడు. పుస్తకం బయటపడితే మీ అన్న రాసింది అబద్ధమని తేలిపోతుంది. జైలు. పుస్తకం లేకపోతే సీటు, బావి. నీ చేతిలోనే ఉంది. నా చేతికిచ్చి ఇంటికి పో."

పుష్పకుమారి కలం సిరాలో ముంచి అబ్రహాము పేరు ఎదురుగా, అందరికీ వేసినట్టే, చిన్న గీత గీసింది. అది ఆరిందాకా నోటితో ఊదింది. తర్వాత పుస్తకం మూసి, అంతమంది ముందర, అన్న చేతుల్లో పెట్టింది.

"ఇదేందే?" అన్నాడు అబ్రహాము.

"ఇది నా కాడ ఉంటే నీ మీద సాక్ష్యం అన్నా. నేను నీ మీద సాక్ష్యం మోసుకుని తిరగను. నీ కాడ ఉంటే ఇది నీ సాక్ష్యం. సోమవారం నువ్వే తెచ్చి ఆఫీసరు ముందర పెట్టి నేను రాసింది తప్పయ్యా అంటావో, కాలువలో పారేస్తావో, అది నువ్వూ దేవుడూ చూసుకోండి. నేను మాత్రం వస్తా. పిలవకపోయినా వస్తా. నన్ను అడిగితే ఉన్నది చెబుతా, అన్నవని ఆగను. నీకు జైలైతే నీ ఇల్లు నేను నడుపుతా." ఆమె గడప వైపు తిరిగింది. "అయ్యా, మీరూ రండి. ఇక్కడ కుర్చీ బయట వేసుకున్నారు. అక్కడ అందరం ఒకే గదిలో నిలబడాల."

పద్మనాభయ్య ఆమె వైపు చూడలేదు. ఆయన కళ్ళన్నీ పుస్తకం మీదే ఉండాయి.

"అంకయ్యా" అన్నాడు, మెత్తగా. "పొద్దు పోతుంది. బండెక్కు."

అబ్రహాము పెళ్ళాం వైపు చూసినాడు. కోడలి వైపు చూసినాడు. పుస్తకాన్ని రెండు చేతులతో గుండెకి అదుముకుని, తల వంచి, గడప దాటినాడు.

"ఆపు వదినా" అని పిచ్చమ్మ పుష్పకుమారి చెయ్యి పట్టుకుని గుంజింది. "నీ నోట్లో ఇప్పుడు మాట లేదా? ఆపు."

"పిలిచినాను, పలికినాడు" అంది పుష్పకుమారి. "అంతకుమించి నాకు అధికారం లేదు. అయ్యగారికీ లేదు."

బయట బండివాడు ఎద్దుల్ని అదిలించినాడు. బండి కదిలింది. అందులో పద్మనాభయ్య ఉండాడు, అబ్రహాము ఉండాడు, పుస్తకం ఉంది.